82 డిగ్రీల దగ్గర మైనస్ 33 ఎందుకు?

ప్రశ్న: ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ డేటా చదవడానికి దాని పోర్టులో పెట్టే చిన్న పరికరం) నుంచి బ్లూటూత్‌లో కారు డేటా తీసుకునే యాప్ రాస్తున్నాను. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత 81 దాకా బాగానే వస్తుంది. 82 రావాల్సిన చోట మైనస్ 33 చూపిస్తోంది. 88 దగ్గర మళ్లీ సర్దుకుంటోంది. సెన్సర్ పోయిందా?

జవాబు: సెన్సర్ జోలికి వెళ్లకండి. ఇలాంటి ఉత్తరాలు పదేపదే వస్తున్నాయి, తప్పు మాత్రం దాదాపు ప్రతిసారీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోనే, అంటే జవాబులోంచి కావాల్సిన ముక్కని వెతికే నమూనాలోనే ఉంటోంది.

కూలెంట్ ఉష్ణోగ్రత కోసం 0105 అని అడిగితే కారు '41 05 78' అంటుంది. ఆ 78 హెక్సాడెసిమల్ (9 తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడే లెక్క), మన లెక్కలో 120. అందులోంచి 40 తీసేస్తే 80 డిగ్రీలు. 79కి 81. దాని తర్వాత వచ్చేది 80 కాదు, 7ఎ. మీరు చివరి బైట్‌కి 'బ్యాక్‌స్లాష్ డి ప్లస్' రాసి ఉంటారు. దానికి అంకెలే తెలుసు కాబట్టి 7ని పట్టుకుని ఎ దగ్గర ఆగిపోతుంది. 7లోంచి 40 పోతే మైనస్ 33! 7ఎఫ్ దాటి 80 రాగానే, అంటే 88 డిగ్రీలకి, మళ్లీ రెండూ అంకెలే. మీరు గమనించలేదేమో గానీ 66 నుంచి 71 దాకా మైనస్ 34 కూడా వచ్చే ఉంటుంది. 0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్, కచ్చితంగా రెండే అక్షరాలు అని మార్చండి. బ్లూటూత్‌లో జవాబు ముక్కలుగా రావచ్చు. జవాబు అయిపోయిందని అడాప్టర్ పంపే '>' గుర్తు కనబడేదాకా అన్నీ పోగుచేసి, ఆ తర్వాతే వెతకండి.

నాకు అసలు టెన్షన్ ఆ అడాప్టర్‌తోనే. ఓబీడీ పోర్టులో 16వ పిన్ బ్యాటరీ కరెంటుది. మీరు తాళంచెవి తీసుకుని వెళ్లిపోయినా అడాప్టర్ మేలుకునే ఉండొచ్చు. చాలావాటికి బ్లూటూత్ పిన్ నంబర్ 1234 లేదా 0000. కొన్ని వైఫై రకాలకైతే పాస్‌వర్డే లేదు. ఆగి ఉన్న కారు పక్కన ఫోన్ పట్టుకుని నిలబడిన ఎవరైనా దానికి కనెక్ట్ కావచ్చు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్య అడగొచ్చు, 04 అనే ఆదేశం పంపి ఫాల్ట్ కోడ్‌లు (కారు నమోదు చేసుకున్న లోపాల సంకేతాలు) చెరిపేయొచ్చు. జత కలపడానికి ఒక్క బటన్ పెట్టి ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండేది కాదు. పిన్ మార్చుకునే వీలు కూడా లేని పరికరాన్ని అసలు అమ్మనివ్వకూడదు. కొన్నవాళ్లేమో దాన్ని నెలల తరబడి పోర్టులోనే వదిలేస్తున్నారు.

మీ యాప్ వాడేవాళ్లని అడక్కుండా 04 పంపకూడదు. లాగ్ ఫైల్‌ని సర్వర్‌కి పంపేముందు గుర్తింపు సంఖ్య తీసేయండి. ఇంజిన్ ఆగగానే 'అడాప్టర్ తీసేయండి' అని స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో చూపించండి.