విక్రమ్ ల్యాండర్ 14 రోజులే ఎందుకు పనిచేసింది?

చంద్రయాన్-3 ల్యాండర్ చెడిపోయిందా, లేక ఇస్రో దాన్ని అంత కాలానికే తయారుచేసిందా అన్నది మీ ప్రశ్న. అంత కాలానికే తయారుచేశారు. చంద్రుడి మీద ఒక పగలు, ఒక రాత్రి కలిసి మన లెక్కలో సుమారు 29.5 రోజులు కాబట్టి, వెలుతురు ఉండేది దాదాపు 14 రోజులే. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన ఈ నౌక ఆగస్టు 23న దిగేసరికి అక్కడ అప్పుడే తెల్లవారింది. సూర్యకాంతితోనే నడిచే విక్రమ్‌కూ, ప్రజ్ఞాన్ రోవర్‌కూ నిండు పగలు దక్కాలనే ఆ సమయాన్ని ఎంచుకున్నారు.

రాత్రి పడితే బ్యాటరీలూ, సర్క్యూట్లూ తట్టుకోలేనంత చలి. వేడిని నిలిపి ఉంచే గాలి అక్కడ లేదు, మట్టి కూడా వేడిని లోపలికి సరిగా పోనివ్వదు. ఈ రెండో సంగతిని విక్రమే స్వయంగా కొలిచి చూపింది: మట్టిలోకి దించిన ఉష్ణమాపక కడ్డీ, పైన సుమారు 50 డిగ్రీలున్న వేడి కేవలం 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10కి పడిపోయిందని నమోదు చేసింది. జానెడు లోతు కూడా లేని చోట అంత తేడా ఉండడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

చైనా చంద్రుడి మీద దింపిన చాంగ్'ఎ-4 ల్యాండర్ రేడియోధార్మిక పదార్థం ఇచ్చే వెచ్చదనంతో రాత్రులు గడిపింది. విక్రమ్‌లో ఆ ఏర్పాటు లేదు. తెల్లవారాక సెప్టెంబరు 22న పిలిచి చూసినా బదులు రాలేదు. అయితే దాని మీదున్న నాసా చిన్న అద్దాల పరికరానికి కరెంటు అక్కర్లేదు. 2023 డిసెంబరులో చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక లేజర్ కాంతిని పంపితే, అది తిప్పి పంపింది.