పాఠకుల ప్రశ్నలు: దిగబోతున్న విమానం మళ్ళీ పైకెందుకు లేస్తుంది?

ప్రశ్న: బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్నాం, ఇంకో పది నిమిషాల్లో ల్యాండింగ్ అన్నారు, అంతలోనే విమానం ఒక్కసారిగా పైకి లేచింది, పిల్లలు ఏడుపు. కాసేపటికి కెప్టెన్ "ట్రాఫిక్ వల్ల" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. నిజంగా గుద్దుకోబోయామా అండీ?
ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ కంగారు అర్థమైందమ్మా. పది నిమిషాలంటే అప్పటికి ఇంకా కొన్ని వేల అడుగుల ఎత్తులోనే ఉండుంటారు, కాబట్టి రెండిట్లో ఏదో ఒకటి జరిగుండాలి. ముందున్న విమానానికి మరీ దగ్గరైపోతున్నారని, కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలరే దిగడం ఆపించి ఉండొచ్చు, అది రోజూ జరిగేదే. లేదంటే కాక్‌పిట్లో టీక్యాస్, అంటే విమానాలు గుద్దుకోకుండా హెచ్చరించే పెట్టె, మోగి ఉంటుంది. ఈ టీక్యాస్ అనేది చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లని (అడగ్గానే రేడియోలో జవాబిచ్చే పరికరాలని) సుమారు సెకనుకోసారి పలకరిస్తూనే ఉంటుంది, జవాబు రావడానికి పట్టిన టైమ్ బట్టి దూరం లెక్కేస్తుంది, ఎత్తు ఆ జవాబులోనే వస్తుంది, కింద కంట్రోలర్‌తో దీనికి సంబంధమే లేదు. ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది, అప్పుడు పైలట్లు ఆ విమానం ఎక్కడుందో చూసుకుంటారు. ఇంకా దగ్గరైతే "క్లైంబ్, క్లైంబ్" అనో "డిసెండ్, డిసెండ్" అనో ఆర్డర్ వేస్తుంది, దాన్నే ఆర్ఏ అంటారు. ఢీకొనే టైమ్‌కి ఎత్తుని బట్టి 15 నుంచి 35 సెకన్ల ముందు వస్తుందది. పైలట్ 5 సెకన్లలోపు కదలాలి, మామూలుగా నిమిషానికి 1500 అడుగుల చొప్పున ఎక్కాలి లేదా దిగాలి. ఆర్ఏ వచ్చినంత మాత్రాన గుద్దుకోవడం ఖాయమని కాదు, మీ విమానం వేగంగా దిగుతూ కింద ఉన్న విమానానికి వెయ్యి అడుగుల పైన ఆగాల్సి ఉన్నా, అది ఆగుతుందన్న సంగతి ఆ పెట్టెకి తెలీదు కాబట్టి అరుస్తుంది.

ప్రశ్న: కంట్రోలర్ ఒకటి చెప్పి ఆ పెట్టె ఇంకోటి చెప్తే పైలట్ ఎవరి మాట వినాలి? పక్కకి తిప్పమని ఎందుకు చెప్పదు?
ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పెట్టె మాటే వినాలి, ఇందులో రెండో ఆలోచన లేదు. 2002 జులై 1 రాత్రి జర్మనీలో ఊబర్‌లింగెన్ మీద ఏం జరిగిందో తెలిస్తే ఈ రూల్‌ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. జ్యూరిక్‌లో ఒక్క కంట్రోలర్ రెండు స్క్రీన్లు చూసుకుంటున్నాడు, మెయిన్ రాడార్ మెయింటెనెన్స్‌లో ఉంది, ఫోన్ లైన్లు సరిగ్గా లేవు, పైగా ఫ్రెడ్రిక్స్‌హాఫెన్‌లో దిగడానికి లేటుగా వచ్చిన ఇంకో విమానం పనిలో ఉన్నాడు. ఆ హడావిడిలో రష్యా టుపోలెవ్‌ని దిగమన్నాడు, దాని టీక్యాసేమో ఎక్కమంది. ఎదురొస్తున్న డీహెచ్ఎల్ కార్గో బోయింగ్‌కి టీక్యాస్ దిగమంది, వాళ్ళు దిగారు. రెండు పెట్టెలూ తమలో తాము మాట్లాడుకుని ఒకటి పైకీ ఒకటి కిందికీ అని పంచుకున్నాయి, కానీ టుపోలెవ్ వాళ్ళు కంట్రోలర్ మాట విన్నారు, సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకే పక్కకి జరిగినట్టు రెండూ కిందికే దిగాయి. 71 మంది పోయారు. ఇప్పుడు పైలట్ "టీక్యాస్ ఆర్ఏ" అని చెప్పగానే, "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" అనేదాకా కంట్రోలర్ ఆ విమానం దారి మార్చకూడదు. పక్కకి తిప్పమనకపోవడానికి కారణం సింపుల్, దాని యాంటెనాకి ఎదుటి విమానం ఏ దిక్కున ఉందో అంత కచ్చితంగా తెలీదు, ఎత్తు మాత్రం బాగా తెలుస్తుంది.

మన దేశంలో అయితే 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఇలాంటి ఘోరమే జరిగింది. ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ 15,000 అడుగుల దగ్గర ఆగాలి, ఆగకుండా ఇంకా కిందికొచ్చి, 14,000 అడుగుల్లో ఎదురొస్తున్న సౌదీ బోయింగ్‌ని గుద్దింది, 349 మంది పోయారు. రెండిట్లోనూ టీక్యాస్ లేదు, వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి, కంట్రోలర్ రాడార్లో ఎత్తు కనపడదు, రేడియోలో పైలట్ చెప్పిందే లెక్క. ఆ తర్వాతే మన దగ్గర ఈ పెట్టె తప్పనిసరి చేశారు, అంతమంది పోయాక గానీ కదల్లేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: మరి 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో విమానం, ఆర్మీ హెలికాప్టర్ ఢీకొన్నప్పుడు టీక్యాస్ ఏమైంది?
ఒక పాఠకుడు, వర్జీనియా

జవాబు: పని చేసింది, కానీ సగమే. నేలకి సుమారు 1000 అడుగుల లోపుకొచ్చాక ఆర్ఏలు రాకుండా డిజైన్‌లోనే ఆపేస్తారు, అంత కింద దిగమంటే నేలని గుద్దే ప్రమాదం, ఎక్కమంటే ఇంకో గొడవ. ఆ విమానం ఢీకొంది దాదాపు 300 అడుగుల ఎత్తులో. సుమారు 20 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" వచ్చింది, ఏం చేయాలో చెప్పే రెండో మాట మాత్రం రాలేదు. 67 మంది పోయారు. అంటే ఆఖరి వెయ్యి అడుగుల్లో మనల్ని కాపాడేది దారులు గీసిన పద్ధతి, కంట్రోలర్, పైలట్ కళ్ళు. అక్కడ దారే తప్పుగా ఉంది, 33 నంబర్ రన్‌వేకి దిగే విమానానికీ కింద నది మీద హెలికాప్టర్ దారికీ మధ్య ఒక్కోసారి 75 అడుగులే ఉంటుందని దర్యాప్తులో తేలింది. 2021 అక్టోబర్ నుంచి 2024 డిసెంబర్ దాకా విమానం, హెలికాప్టర్ పక్కకి 1500 అడుగుల లోపు, ఎత్తులో 200 అడుగుల లోపు దగ్గరైన సందర్భాలు 85 రికార్డుల్లోనే ఉన్నాయి, వాటిని కూర్చుని చూసినవాళ్ళు లేరు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఆ హెలికాప్టర్ దారిలో ఆ ముక్కని 2025 మార్చిలో మూసేశారు.