మూడింటికే మెలకువ

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఎనిమిదిన్నరకు పడుకుంటే మూడింటికే మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. నిద్రమాత్ర వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: లెక్క చూడండి, ఆరున్నర గంటలు నిద్రపోతూనే ఉన్నారు! మీ వయసుకు 7–8 గంటలు కావాలి, తక్కువైంది కొంచెమే. వయసు పైబడితే ఒంట్లోని గడియారం ముందుకు జరుగుతుంది, అంటే నిద్రా మెలకువా రెండూ తొందరగా వస్తాయి. పడుకునే వేళను మూడు రోజులకోసారి పావుగంట చొప్పున పెంచుతూ పదింటికి తీసుకురండి. సాయంత్రం ఐదు నుంచి పొద్దుగూకేదాకా ఆరుబయట నడవండి. మూడింటికి లేచినా లైటు, ఫోను వద్దు. ఆ వెలుతురు గడియారాన్ని ఇంకా ముందుకు నెడుతుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చోండి.

నెల్లూరు ఎండల్లో మధ్యాహ్నం కునుకు మానమనలేం. మూడులోపు, అరగంట చాలు. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు.

లేపుతున్నది మూత్రమైతే, బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందుందేమో, దాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరుని అడగండి. షుగరుకు మందులు వాడేవారికి చెమటలతో మెలకువ వస్తే వెంటనే రక్తంలో షుగరు పరీక్షించాలి. 70 కన్నా తక్కువుంటే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. దిగులు, పెద్ద గురక ఉన్నా చూపించుకోండి.

ఇక నిద్రమాత్ర సంగతి: ఆల్‌ప్రజోలామ్ లాంటి మత్తు మాత్రలు సొంతంగా కొనొద్దు. మీ వయసులో ఆ మత్తుతో బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.