ఫొటో కనపడనివాళ్ల కోసం రాసే వాక్యం

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

పొందూరు ఖద్దరు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. రాత బాగుంది. ఫొటోలకి పెట్టిన ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోకి బదులుగా నిలిచే మాట, మాత్రం బాగాలేదు. అన్నిటికీ ‘పొందూరు ఖాదీ’ అనే ఉంది. చూపులేనివాళ్లు తెర మీది అక్షరాల్ని పైకి చదివే స్క్రీన్ రీడర్‌తో వింటున్నప్పుడు ఫొటో వచ్చినచోట అది చదివేది ఆ ఆల్ట్‌నే. వాళ్లకి అదే మాట పదే పదే వినిపిస్తుంది తప్ప, అక్కడ పత్తి దువ్వే వాలుగ చేప దవడ ఎముక ఎలా ఉంటుందో తెలియదు. సిగ్నల్ సరిగ్గా లేక ఫొటో తెరుచుకోకపోయినా అక్కడ కనపడేది ఆ మాటే.

ఆల్ట్ కూడా నీ వ్యాసంలో ఒక వాక్యమే అనుకో. పై వాక్యం, ఆల్ట్, కింది వాక్యం వరసగా పైకి చదువు. అతకాలి. ఫొటోలో ఏముందని కాదు, ఇక్కడ ఈ ఫొటో ఎందుకు పెట్టావని నిన్ను నువ్వు ప్రశ్నించుకో.

అవ్వ పత్తి దువ్వుతున్న ఆ ఫొటోనే తీసుకుందాం. పని ఎలా జరుగుతుందో చెప్పేచోట దాన్ని పెడితే ఇలా రాయి: ‘వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్న చేయి. ఎముకకున్న సన్నని పళ్ల మధ్య నుంచి పీచు సాగి వస్తోంది.’ నూలు వడికేవాళ్ల కూలి గురించి రాసేటప్పుడు చేప పళ్లు అక్కర్లేదు. ‘నేల మీద కూర్చుని పత్తి దువ్వుతున్న వృద్ధురాలు’ చాలు. అదే ఫొటో మొదటి పేజీలో లింకుగా ఉందా? అప్పుడు నొక్కితే ఎక్కడికి వెళ్తామో చెప్పాలి: ‘పొందూరు ఖద్దరు వ్యాసాలు’. ఫొటో ఒకటే, రాయాల్సినవి మూడు.

‘ఫొటో’, ‘చిత్రం’ అని మొదలుపెట్టకు. బొమ్మ అన్న సంగతి స్క్రీన్ రీడరే చెబుతుంది. ఒకటి రెండు చిన్న వాక్యాలు దాటనివ్వకు. ఫొటో కింద వ్యాఖ్యలో ఉన్నదే ఆల్ట్‌లోనూ రాస్తే రెండుసార్లు వినాల్సి వస్తుంది. గూగుల్‌లో పైకి రావాలని ‘ఖాదీ చీర ధర’ లాంటివి కుక్కడం వినేవాళ్ల పట్ల అన్యాయం.

అలంకారానికి పెట్టిన అంచు గీతలు, పూల డిజైన్లకి ఆల్ట్ ఖాళీగా ఉంచాలి. ఖాళీగా ఉంచడం వేరు, తీసెయ్యడం వేరు. కోడ్‌లో ఆల్ట్ అని రాసి కొటేషన్ గుర్తుల మధ్య ఏమీ పెట్టకపోతే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మని దాటేస్తుంది. ఆల్ట్ అన్నదే లేకపోతే కొన్నిసార్లు ఫైలు పేరు, అంకెలతో సహా, చదివేస్తుంది. లింకుగా ఉన్న ఫొటోకి మాత్రం ఖాళీ పనికిరాదు.

సిరిమాను ఉత్సవం పోస్టర్ లాంటివాటిలో తేదీ, వేళ, చోటు బొమ్మలోనే ఉంటాయి. అవన్నీ వ్యాసంలో మామూలు అక్షరాల్లో రాసి, ఆల్ట్‌లో ‘ఉత్సవం పోస్టర్, వివరాలు కింద’ అను. గొట్టా బ్యారేజీ నీటిమట్టం గ్రాఫ్ అయితే ఏ నెలలో పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నది ఆల్ట్‌లో, అంకెలు కింద పట్టికలో.

తెలుగు వ్యాసానికి ఆల్ట్ తెలుగు లిపిలోనే ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే ఇంగ్లిష్ గొంతు దాన్ని ఖూనీ చేస్తుంది. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఉందో లేదో కూడా చూసుకో. కోడ్ చేత్తో రాసేటప్పుడు ఆల్ట్ లోపల మళ్లీ జంట కొటేషన్ గుర్తు వాడకు, అక్కడికి వాక్యం తెగిపోతుంది.

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో ఒక చిక్కుంది. మీడియా లైబ్రరీలో ఆల్ట్ మార్చినంత మాత్రాన ఇప్పటికే వ్యాసంలో పెట్టిన ఫొటోకి మారదు. వ్యాసం తెరిచి, ఆ ఫొటో మీద నొక్కి అక్కడే దిద్దాలి.

వెబ్ పేజీలు అందరికీ అందాలని 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లో 1.1.1 నంబరుతో మొట్టమొదట ఉన్న నియమం, బొమ్మకి బదులుగా మాట ఉండాలన్నదే. అందుకే చివర్లో తీరిక దొరికితే చూద్దాం అనుకోవద్దు, వ్యాసంతోపాటే రాయి.

దిద్దాక ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసుకుని విను, అది ఉచితమే. కీబోర్డు మీద ‘జి’ నొక్కుతూ పోతే ఒక్కో బొమ్మ దగ్గరే ఆగుతుంది. ముందు ఆ వాలుగ దవడ ఫొటోకి రాసి పంపు, చూస్తాను.