కాంగ్రా టీ కాచబోయే మేనల్లుడికి

చి. సుమంత్‌కి ఆశీస్సులు.

నీ స్నేహితుడు హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా ప్రాంతం, పాలంపూర్ నుంచి తెచ్చిచ్చిన బ్లాక్ టీని పాలల్లో మరిగిస్తే రంగూ రాలేదు, రుచీ లేదు అన్నావు. పొట్లం పారెయ్యకు. మనం రోజూ తాగే టీకీ దీనికీ పుట్టుకలోనే తేడా ఉంది. మన ఇళ్లలోకి వచ్చే గుళికల టీపొడి సీటీసీ రకం. ఆకుని యంత్రంలో నలిపి, చింపి, చుట్టేస్తారు కాబట్టి మరగగానే సారమంతా దిగిపోతుంది. పాలు, పంచదార, అల్లం ఎన్ని వేసినా తట్టుకుంటుంది.

నీ దగ్గరున్నది నలగ్గొట్టని ఆకు. కాంగ్రా తోటల్లో ఎక్కువగా చైనా జాతి మొక్కలే. సహారన్‌పూర్ వృక్షోద్యానం చూసే జేమ్సన్ అనే డాక్టరు 1849లో ధౌలాధార్ కొండల పాదాల దగ్గర నేల టీకి పనికొస్తుందని తేల్చాక మొదలైన తోటలవి. ఒకప్పుడు మంచి పేరే ఉండేది. 1905 ఏప్రిల్ 4న వచ్చిన భూకంపం తోటల్నీ ఫ్యాక్టరీల్నీ దెబ్బతీసింది. తెల్లదొరలు చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు. 2005లో మన దేశంలో జీఐ గుర్తింపు (ఈ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందన్న ముద్ర), 2023లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు వచ్చినా పంట తక్కువ కాబట్టి మన కిరాణా కొట్టుకి చేరదు.

ఇక కాయడం సంగతి. చెంచాతో కొలవకు. పొడుగ్గా మెలితిరిగిన ఆకు చెంచా నిండా కనిపిస్తుంది గానీ బరువుండదు. వంటింటి కాటా మీద రెండున్నర గ్రాములు తూచి, 200 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టు. తెర్లనిచ్చి, దించి, అర నిమిషం ఆగి ఆకు మీద పోసెయ్యి. పొయ్యి మీద ఆకుని ఉడికించకు. మూత పెట్టు, ఆవిరితోపాటు వాసన పోకుండా. మూడు నిమిషాలకి చుక్క మిగలకుండా వడకట్టెయ్యి. ఆకు నీళ్లలోనే ఉండిపోతే వగరు దిగుతూనే ఉంటుంది, ఆఖరి గుక్కకి నాలుక పిడచగడుతుంది.

నీళ్ల మాట మర్చిపోకు. మీ అపార్ట్‌మెంటు బోరు నీళ్లు కఠినజలం. అందులో కాస్తే పైన సన్నటి తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది, వాసన అణిగిపోతుంది. ఒకే తూకం ఆకుని ఒక గ్లాసులో బోరు నీళ్లతో, ఇంకోదాంట్లో ఫిల్టరు నీళ్లతో కాచి పక్కపక్కన పెట్టుకో. నేను చెప్పడం కన్నా ఆ రెండు గ్లాసులే బాగా చెబుతాయి.

రుచి చూసేటప్పుడు పొగలు కక్కుతుండగా తాగకు. ముందు వడకట్టిన తడి ఆకుని ముక్కు దగ్గర పెట్టుకో. కప్పులోని టీ కన్నా అదే ఎక్కువ చెబుతుంది. గోరువెచ్చగా అయ్యాక చిన్న గుక్క తీసుకుని, గాలి కలిసేలా చప్పుడు చేస్తూ జుర్రు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. టీ కంపెనీల్లో రుచి చూసేవాళ్లంతా అలాగే చేస్తారు. మంచి కాంగ్రా ఆకైతే పూల వాసనతోపాటు కొంచెం తియ్యదనం తగులుతుంది. అన్నిటికన్నా చివర గొంతులో మిగిలేదాన్ని గమనించు. అక్కడే మంచి ఆకు, ఓ మోస్తరు ఆకు విడిపోతాయి. ఆవకాయన్నం తిన్న అరగంటకి మాత్రం ఈ పని పెట్టుకోకు.

పలచగా ఉందనిపిస్తే ఆకు అర గ్రాము పెంచు. వగరనిపిస్తే సమయం అర నిమిషం తగ్గించు. రెండూ ఒకేసారి మార్చావంటే దేనివల్ల బాగుపడిందో నీకే తెలియదు. రుచి పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, తెర్లే నీళ్లలో ఆరు నిమిషాలు. అది వేర్వేరు ఆకుల్ని ఒకే కొలతతో పోల్చడానికి పెట్టుకున్న పద్ధతి, మనం తాగడానికి కాదు. అయినా ఒక్కసారి అలా కాచి చూడు, ఈ ఆకులో ఎంత గట్టిదనం దాగుందో అర్థమవుతుంది.

వడకట్టిన ఆకులోనే రెండోసారి నీళ్లు పోసి నాలుగైదు నిమిషాలు ఉంచొచ్చు. నాకైతే మధ్యాహ్నాలు ఆ రెండో కప్పే ఇష్టం.

పొట్లం మీద కోత కాలం రాసుందేమో చూడు. చలికాలమంతా నిద్రపోయి లేచిన మొక్క ఏప్రిల్‌లో ఇచ్చే చిగురుకే పరిమళం ఎక్కువ. వానల్లో ఆకు గబగబా పెరుగుతుంది, వాసన పలచబడుతుంది. ఈసారి తెప్పించుకుంటే వసంతపు కోత అడుగు, అదీ వంద గ్రాములకి మించి వద్దు.

విప్పిన పొట్లాన్ని గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెట్టి, ఇంగువకీ పోపుల డబ్బాకీ దూరంగా ఉంచు. టీ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చేస్తుంది. మీ అమ్మకి దీన్ని పాలు లేకుండా ఇచ్చి మెప్పించాలని చూడకు. ఆవిడకి ఆవిడ టీపొడే పెట్టు.

మీ మామయ్య