యాంఫీథియేటర్ 'అర్ధవృత్తాకార రంగస్థలం' అవుతుందా?

సందేహం: పాంపేయిలోని ప్రాచీన రోమన్ యాంఫీథియేటర్‌ను ఒక వ్యాసంలో 'అర్ధవృత్తాకార రంగస్థలం' అని రాశారు. ఇది సరైన అనువాదమేనా? అందులో పోరు జరిగే నడిమి చోటైన అరీనాకు తెలుగు మాట ఉందా?

సమాధానం: ఆ అనువాదంలో రెండు మాటలూ పొరపాటే. అర్ధవృత్తాకారంలో ఉండేది థియేటర్. గ్రీకులో 'థియేట్రాన్' అంటే చూసే చోటు. 'ఆంఫీ' అంటే ఇరుపక్కలా, చుట్టూ అని అర్థం. నాటకానికి వెనుక గోడ కావాలి కనుక జనం దానికి ఎదురుగా కూర్చుంటారు. జనం వినోదం కోసం ఆయుధాలతో తలపడే గ్లాడియేటర్ల పోరును ఎటునుంచైనా చూడవచ్చు కనుక మెట్ల వరుసలు చుట్టూ తిరిగి కోడిగుడ్డు ఆకారంలో కలుసుకుంటాయి. ఇక రంగస్థలమంటే నటులు ఆడే చోటే గాని, జనం కూర్చునే చోటు కాదు.

విశేషమేమంటే, క్రీ.పూ. 70 ప్రాంతంలో క్వింక్టియస్ వల్గుస్, మార్కుస్ పోర్కియుస్ అనే అధికారులు సొంత సొమ్ముతో పాంపేయి కట్టడాన్ని కట్టించినప్పుడు, దాని శాసనంలో యాంఫీథియేటర్ అన్న మాటే వాడలేదు. 'స్పెక్టాకులా', అంటే చూసే చోట్లు, అని చెక్కించారు. నేలను లోతుగా తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోసి, దానిమీద సుమారు 20,000 మందికి ఆసనాలు అమర్చారు. పై వరుసలకు ఎక్కే మెట్లు గోడ బయటే ఉన్నాయి. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన రోమ్ నగరపు యాంఫీథియేటర్ కొలోసియంలో ఆసనాలను మోసేది మట్టిగట్టు కాదు, కమానుల వరుసలు.

'స్పెక్టాకులా'కు దీటైనది చూడటమనే అర్థమున్న మన 'ప్రేక్ష'. నాట్యశాస్త్రంలో నాటకశాలకు వాడిన ప్రేక్షాగృహం అన్న మాటలో ఉన్నదీ ఈ చూపే. అందుచేత అనువదించి తీరాలంటే 'ప్రేక్షావలయం' అనవచ్చు. యాంఫీథియేటర్ అని ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

అరీనాకు మాత్రం కొత్త మాట కల్పించనక్కరలేదు. లాటిన్‌లో 'హరేనా' అంటే ఇసుక. నెత్తురు ఇంకడానికి పరిచిన ఆ ఇసుకే క్రమంగా పోరు జరిగే చోటికి పేరైంది. మనకు కోడిపందేల నుంచి ఎన్నికల దాకా 'బరి' ఉండనే ఉంది. బరి అంటే హద్దుగీత; ఆ పేరే గీత లోపలి చోటికీ వచ్చింది గనుక, రెండు భాషల్లోనూ మాట నడిచిన దారి ఒకటే.

ఒక చిక్కు లేకపోలేదు. నాగార్జునకొండలో బయటపడి, జలాశయం వల్ల అనుపుకు తరలించిన ఇక్ష్వాకుల కాలపు కట్టడాన్నీ యాంఫీథియేటర్ అనే అంటున్నారు. దాని బరి దీర్ఘచతురస్రం, మెట్లు నాలుగు వైపులా ఉన్నాయి. అక్కడ నా 'వలయం' అతకదు; 'చుట్టుమెట్ల బరి' అంటే అతుకుతుంది.