పాప స్కీ రేసింగ్ కోసం రిటైర్మెంట్ పొదుపు తీయాలా?

ప్రశ్న: మా పాపకి 11 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ స్కీయింగ్ చేస్తోంది. ఈ సీజన్‌లో రేస్ టీమ్‌లోకి తీసుకుంటామని క్లబ్ కోచ్ చెప్పారు. ట్రైనింగ్ ఫీజు, కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ పాస్, రెండు జతల స్కీలు, రేస్ సూట్, వారం వారం ప్రయాణాలు అన్నీ కలిపితే మా ఇద్దరి ఒక నెల జీతం దాటిపోతోంది. రిటైర్మెంట్ పొదుపులోంచి కొంత తీద్దాం, మిగతాది క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెడదాం అని మావారు అంటున్నారు. బాబుకి 7 ఏళ్లు, వాడూ అక్క వెంట పడుతున్నాడు. పాప ఆశ మీద నీళ్లు చల్లడం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోకండి, కార్డు మీద ఈఎంఐ పెట్టకండి. అలాగని పాపని ఆపనక్కర్లేదు. మీరు రాసిన లిస్టులో ఆమె వయసుకి ఈ ఏడాదే కావలసినవి కొన్నే ఉన్నాయి. మిగతావి తర్వాత కొనొచ్చు, కొన్ని అసలు కొనక్కర్లేదు.

ముందు ఈ దారి ఎంత పొడవో చూడండి. 10, 11 ఏళ్ల పిల్లలు యు12 (12 ఏళ్ల లోపు) విభాగంలో ఉంటారు. ఆ తర్వాత రెండేళ్లు యు14, ఇంకో రెండేళ్లు యు16. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఎఫ్ఐఎస్ పాయింట్లు లెక్కలోకి వచ్చే రేసులు 16 ఏళ్ల వయసు దగ్గర మొదలవుతాయి. అంటే మీ ముందున్నది ఒక్క సీజన్ కాదు, నాలుగైదు సీజన్లు. అదీ ఏటా పెరిగే ఖర్చు. యు14 దాటేసరికి, దగ్గర దగ్గరగా నాటిన గేట్ల (కర్రల) మధ్య మలుపులు తిరిగే స్లాలమ్‌కి ఒక జత, గేట్లు ఇంకాస్త దూరంగా ఉండే జెయింట్ స్లాలమ్‌కి ఒక జత విడివిడిగా అడుగుతారు, ఇంకా వేగంగా సాగే సూపర్-జీ మొదలవుతుంది, దూర ప్రయాణాలు పెరుగుతాయి. కొన్ని క్లబ్బులు వేసవిలో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్, ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్ లాంటి చోట్ల గ్లేసియర్ (హిమానీనదం) మీద క్యాంపులు పెడతాయి. మొదటి ఏడాదే పొదుపు కరగదీస్తే, డబ్బు నిజంగా అవసరమయ్యే 14వ ఏట మీ చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు ఆపాల్సి వస్తే పాపకి ఇప్పటికంటే ఎక్కువ బాధ.

ఒక రేస్ రోజు ఎలా గడుస్తుందో మీరు దగ్గరుండి చూసే ఉంటారు. తెల్లవారకముందే లేచి బయల్దేరాలి. పిల్లలు గేట్ల పక్కనే మెల్లగా జారుతూ దిగి కోర్సును మనసులో పెట్టుకుంటారు. తర్వాత స్టార్ట్ దగ్గర వణుకుతూ వంతు కోసం నిలబడతారు, జాకెట్లు పట్టుకుని మనం నిలబడతాం. తీరా వంతు వస్తే ఒక్కో రన్ ఒక నిమిషం అటూ ఇటూ. రెండు రన్‌లు అయ్యేసరికి పొద్దుపోతుంది. ఎంట్రీ ఫీజు, పెట్రోలు, బస, భోజనం అన్నీ ఆ రెండు నిమిషాల కోసం పెట్టిన ఖర్చే. అదే రోజు ప్రాక్టీసులో ఉంటే పాప పది, పదిహేను రన్‌లు చేస్తుంది, ప్రతి దాని తర్వాతా కోచ్ ఒక మాట చెబుతారు. ఈ వయసులో నేర్పేది ప్రాక్టీసే. అందుకే మీ బడ్జెట్‌లో ట్రైనింగ్ ఫీజుకి, లిఫ్ట్ పాస్‌కి కోత పెట్టకండి, రేసుల సంఖ్య తగ్గించండి. దగ్గర్లో జరిగే నాలుగైదు రేసులు మొదటి సీజన్‌కి చాలు. అమెరికా స్కీ రేసర్ మికేలా షిఫ్రిన్ 15 ఏళ్లకి వరల్డ్ కప్‌లో దిగింది, 18 ఏళ్లకి 2014 సోచి ఒలింపిక్స్‌లో స్లాలమ్ స్వర్ణం గెలిచింది. అలాంటి అమ్మాయిని కూడా చిన్నప్పుడు తల్లిదండ్రులు ఊరూరా రేసులకి తిప్పలేదు, ప్రాక్టీసు మీదే ఎక్కువ నిలబెట్టారు. మీ పాప అంతటిదవుతుందని ఆశపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రేసులు ఎక్కువైతేనే పిల్లలు పైకొస్తారన్న భయంతో ఎవరూ అప్పు చేయకూడదని చెబుతున్నాను.

ఇక సామాను. ఇక్కడ మీ డబ్బు మొదట బూట్ల మీదకి వెళ్లాలి. పిల్లలు ఎదుగుతున్నారు కదా, రెండేళ్లు వస్తాయిలే అని పెద్ద సైజు కొనడం చాలామంది తల్లిదండ్రులు చేసే పని. బూటు లోపల పాదం కదిలితే కాలు తిప్పింది స్కీకి అందదు, ఎంత మంచి కోచ్ ఉన్నా దాన్ని సరిచేయలేరు. కొనేముందు లోపలి మెత్తటి లైనర్ తీసేయండి. పాపని ఖాళీ షెల్‌లో పాదం పెట్టమనండి, వేళ్లు ముందు గోడకి తాకాలి. అప్పుడు మడమ వెనక ఖాళీ ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే సరే. అంతకుమించితే ఆ జత వద్దు, ఎంత చవగ్గా వచ్చినా వద్దు. మరీ గట్టి బూటు కూడా వద్దు. చీలమండ దగ్గర ముందుకి వంగలేని పిల్ల వెనక్కి వాలి స్కీ చేస్తుంది.

స్కీలు ఈ ఏడాదికి ఒక్క జత చాలు, అదీ వాడినదే తీసుకోండి. క్లబ్‌లో పెద్ద పిల్లలు ఏటా ఒక సైజు దాటిపోతుంటారు, కాబట్టి అడిగితే దొరుకుతాయి. అంచుల స్టీలు పొడవునా ఒకే మందంలో మిగిలి ఉందా, ఎక్కడైనా పగులు ఉందా చూసుకోండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మాత్రం పాప బరువు, ఎత్తు, బూటు పొడవు చెప్పి టెక్నీషియన్‌తోనే సెట్ చేయించండి. రేస్ సూట్ కూడా వాడినదే పర్వాలేదు. హెల్మెట్ ఒక్కటి కొత్తదే కొనాలి, లోపల తగిలిన దెబ్బ పైకి కనపడదు కాబట్టి. రేస్ నియమాలకి సరిపోయేదో కాదో కోచ్‌ని అడిగి తీసుకోండి. స్కీ బాగా జారడానికి అడుగున రాసే ఖరీదైన ఫ్లోరిన్ వ్యాక్స్ ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి. 2023-24 సీజన్ నుంచి ఎఫ్ఐఎస్ దాన్ని తన పోటీల్లో నిషేధించింది. మామూలు వ్యాక్స్, దాన్ని కరిగించే ఒక ఇస్త్రీ పెట్టె, అంచులకి ఆకురాయి, దాన్ని సరైన కోణంలో పట్టే గైడ్ ఉంటే ఇంట్లోనే పని అవుతుంది. మీవారికి ఆసక్తి ఉంటే పాపతో కలిసి నేర్చుకోమనండి. ప్రతిసారీ షాపుకిచ్చే డబ్బు మిగులుతుంది.

ఇన్సూరెన్స్ విషయం మీ ఉత్తరంలో లేదు, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది అదే. స్కీ రేసింగ్‌లో మోకాలి లిగమెంట్ తెగడం అరుదు కాదు. మీ హెల్త్ పాలసీ పోటీ క్రీడల్లో తగిలే దెబ్బలకి వర్తిస్తుందా చూడండి. ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో సరదా స్కీయింగ్‌కి కవరేజీ ఉంటుంది, రేసింగ్‌కి ఉండదు. కొండ మీద నుంచి కిందికి దింపే ఖర్చు ఎవరిదో కూడా అడగండి. కొత్త స్కీల కంటే ముందు ఈ డబ్బు కట్టాలి.

మీవారికి చెప్పడానికి ఒక లెక్క. ఏడాదికి 7 శాతం రాబడి వస్తుందనుకుంటే, ఇప్పుడు తీసిన సొమ్ము 20 ఏళ్లు అక్కడే ఉంటే దాదాపు 3.9 రెట్లు అయ్యేది. అంటే ఈ సీజన్‌కి ఒక నెల జీతం తీస్తే, రిటైర్ అయ్యాక నాలుగు నెలల జీతం దగ్గర దగ్గరగా పోయినట్టు. పాప మీద ఆయనకున్న ప్రేమని నేను తప్పుపట్టడం లేదు. కానీ ముసలితనంలో మీ ఖర్చులు పిల్లల మీద పడకుండా ఉండడం కూడా వాళ్లకి మీరిచ్చేదే.

మరి డబ్బు ఎక్కడిది? రిటైర్మెంట్, పిల్లల చదువు, ఇన్సూరెన్స్ వాయిదాలు పోయాక నెలకి ఎంత మిగులుతుందో రాయండి. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచి లేకపోతే ముందు అది నింపండి. ఉంటే, ఆ మిగులులో సగానికి మించకుండా స్కీకి కేటాయించండి. సగమే ఎందుకంటే బాబు కూడా వస్తానంటున్నాడు. రేపు వాడికి కాదనలేరు. అక్క సామాను వాడికి పనికొస్తుంది, ఫీజు మాత్రం రెండింతలవుతుంది. ఖర్చు నాలుగైదు నెలల్లో మీద పడుతుంది కాబట్టి, ఏడాది మొత్తాన్ని 12తో భాగించి ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. ఈసారి పూర్తిగా జమ కాలేదనుకోండి, ఉన్నంతలోనే రేసులు తగ్గించుకోండి. ఆ పరిమితి పాపకి దాచకండి. ‘ఈ సీజన్ ఇన్ని రేసులు, ఏవి కావాలో నువ్వే చెప్పు’ అనండి. 11 ఏళ్ల పిల్లకి అర్థమవుతుంది, ఎంచుకున్నవాటికి ఇంకా శ్రద్ధగా తయారవుతుంది.

ఈ వారం క్లబ్‌కి ఒక ఉత్తరం రాయండి. ఫీజులో ఏవేవి కలిశాయి, కోచ్‌ల ప్రయాణ ఖర్చు విడిగా వసూలు చేస్తారా, గేట్ల దగ్గర వాలంటీరుగా నిలబడే తల్లిదండ్రులకి ఏమైనా తగ్గిస్తారా, ఆర్థిక సాయం ఉందా అని అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఇవి ప్రతి సీజన్ ఎవరో ఒకరు అడిగేవే. సీజన్ మధ్యలో పాపకి దెబ్బ తగిలితే కట్టిన ఫీజులో ఎంత తిరిగిస్తారో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు చేతికి వచ్చాకే మొదటి వాయిదా కట్టండి.